ర్యాంకుల ఓటు స్థానిక ఎన్నికలకు పనికొస్తుందా? న్యూయార్క్ ఓటరు సమీక్ష

నీటి సరఫరా, చెత్త సేకరణ, బస్సుల రాకపోకలు వంటి నగర సేవల గురించి మనం తరచుగా సమీక్షలు రాస్తుంటాం. ఎన్నికలు నిర్వహించడం కూడా నగరం అందించే సేవే అయినా, అది ఓటరుకు ఎలా ఉన్నదో వాడినవారి వైపు నుంచి రాసే అలవాటు మనలో తక్కువ. న్యూయార్క్ నగర ఓటరుగా నేను 2021లోనూ, 2025లోనూ డెమొక్రటిక్ పార్టీ మేయర్ ప్రైమరీలో, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే తొలి ఎన్నికలో, ర్యాంక్డ్ చాయిస్ ఓటింగ్ (అభ్యర్థులకు వరుసగా ర్యాంకులు ఇచ్చే) పద్ధతిలో ఓటు వేశాను. స్థానిక ఎన్నికలకు ఈ పద్ధతి తీసుకోవాలా వద్దా అని అమెరికాలో ఎన్నో నగరాలు ఆలోచిస్తున్నాయి. ఫ్లోరిడా, టెనసీ రాష్ట్రాలు 2022లోనే దీన్ని చట్టం చేసి నిషేధించాయి. టెనసీలోని మెంఫిస్ ఓటర్లు అంతకు ముందు 2008లో ఈ పద్ధతి కావాలని, 2018లో దాన్ని రద్దు చేయవద్దని తీర్పు చెప్పినా, ఒక్క ఎన్నికలోనైనా దాన్ని వాడుకునే అవకాశం వారికి దక్కలేదు. ఈ వాదోపవాదాల మధ్య నా అభిప్రాయం ముందే చెబుతాను. బ్యాలెట్ పత్రానికి మంచి మార్కులు, లెక్కింపుకు తక్కువ మార్కులు, ఈ పద్ధతి పేరిట జరిగే ప్రచారానికి అంతకంటే తక్కువ మార్కులు వేస్తాను. మొత్తం మీద ఐదుకు మూడున్నర.

తెలుగు రాష్ట్రాలలో డిగ్రీ చదివి, పట్టభద్రుల నియోజకవర్గంలో ఓటరుగా నమోదైన వారికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. శాసన మండలికి పట్టభద్రులు, ఉపాధ్యాయులు ఎన్నుకునే స్థానాలలో మొదటి ప్రాధాన్యం, రెండో ప్రాధాన్యం అంటూ అంకెలు వేసే ఓటుకు న్యూయార్క్ ఓటు దగ్గరి చుట్టమే. ఎవరికీ కావలసినన్ని మొదటి ప్రాధాన్య ఓట్లు రాకపోతే, అందరికంటే తక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థిని తొలగించి, ఆయన బ్యాలెట్లను వాటి మీద ఉన్న తరువాతి ప్రాధాన్యం ప్రకారం మిగిలినవారికి పంచుతారు. ఒకరు గెలిచేదాకా ఈ తొలగింపు సాగుతుంది. న్యూయార్క్‌లో గరిష్ఠంగా ఐదుగురికి ర్యాంకులు ఇవ్వవచ్చు, ఒక్కరికే ఇచ్చి ఊరుకున్నా ఓటు చెల్లుతుంది. 2019 నవంబరులో నూటికి 73 మందికి పైగా ఓటర్లు నగర చార్టర్ (నగర పాలన నియమావళి) సవరణను ఆమోదించడంతో ఈ పద్ధతి వచ్చింది. మేయర్, పబ్లిక్ అడ్వొకేట్ (పౌరుల ఫిర్యాదులు చూసే పదవి), కంప్ట్రోలర్ (నగర ఆర్థిక లెక్కలు చూసే పదవి), బరో (నగరంలోని పెద్ద విభాగం) అధ్యక్షులు, నగర మండలి సభ్యుల పదవులకు జరిగే ప్రైమరీలలోనూ, ప్రత్యేక ఎన్నికలలోనూ మాత్రమే ఇది వర్తిస్తుంది.

ముందుగా బ్యాలెట్ పత్రం సంగతి. అభ్యర్థుల పేర్లు ఒకదాని కింద ఒకటి ఉంటాయి, ప్రతి పేరుకు ఎదురుగా ఒకటి నుంచి ఐదు వరకు అండాకారపు గడులు వరుసగా ఉంటాయి. ఓటరు అంకెలు రాయనక్కర లేదు, తనకు నచ్చిన వరుసలో గడిని సిరాతో నింపి, పత్రాన్ని స్కానర్ యంత్రంలో పెడితే చాలు. అంతకంటే నాకు నచ్చిన విషయం, ఓటరు పొరపాట్లను ఈ పద్ధతి ఓర్చుకునే తీరు. ఒకే అభ్యర్థికి ఐదు గడులూ నింపినా ఓటు చెడిపోదు, ఒక్క ర్యాంకు ఇచ్చినట్టే లెక్క. రెండో ర్యాంకు వదిలేసి మూడోది నింపితే, ఆ మూడోది పైకి జరిగి రెండోదిగా లెక్కకు వస్తుంది. ఇద్దరికి ఒకే ర్యాంకు ఇస్తే ఆ ర్యాంకు నుంచి కిందివి మాత్రమే చెల్లవు, దానికి పైన సరిగా ఇచ్చినవి చెల్లుబాటు అవుతాయి.

ఎమ్మెల్సీ ఎన్నికల నిబంధనలను దీని పక్కన పెట్టి చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడ ఒకటి అనే అంకె లేకపోతే బ్యాలెట్ మొత్తం చెల్లదు. ఒకటి బదులు టిక్కు పెట్టినా, అంకెను అక్షరాలలో రాసినా, కింద సంతకం చేసినా, అధికారి ఇచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్ను కాక సొంత పెన్ను వాడినా ఓటు చెత్తబుట్ట పాలే. 2021లో తెలంగాణలో జరిగిన రెండు పట్టభద్రుల ఎన్నికలలో ఒక్కొక్క నియోజకవర్గంలోనూ ఇరవై వేలకు పైగా ఓట్లు చెల్లకుండా పోయాయి. డిగ్రీలు చదివినవారికి ఓటు వేయడం రాదా అని అప్పుడు పత్రికలు వ్యంగ్యంగా రాశాయి గానీ, తప్పు చదువుది కాదని, నిబంధనలదని నా అభిప్రాయం. ఓటరు ఉద్దేశం స్పష్టంగా తెలుస్తున్నా సాంకేతిక కారణంతో ఓటును తోసిపుచ్చే నిబంధన ఉన్న చోట ప్రాధాన్య ఓటుకు చెడ్డపేరు రావడం సహజం. హైదరాబాద్ - రంగారెడ్డి - మహబూబ్‌నగర్ స్థానానికి ఆ ఏడాది 93 మంది పోటీ చేయడంతో బ్యాలెట్ పత్రం దినపత్రిక అంత పెద్దదైంది. దాని లెక్కింపు రోజుల తరబడి సాగింది.

న్యూయార్క్ బ్యాలెట్‌లోనూ లోపాలు లేకపోలేదు. 2021లో మేయర్ పదవికి 13 మంది డెమొక్రాట్లు నిలబడ్డారు. మేయరుతో పాటు మిగిలిన నాలుగు పదవులకూ అదే రోజు ఓటు వేయాలి కనుక, అన్ని గడులూ నింపదలచుకున్న ఓటరు పాతిక మంది గురించి తెలుసుకుని ఉండాలి. మేయర్ అభ్యర్థుల గురించి టీవీలో నెలల తరబడి చర్చలు జరుగుతాయి గానీ, కంప్ట్రోలర్ పదవికి నాలుగో ర్యాంకు ఎవరికివ్వాలో నిజంగా ఆలోచించి వేసేవారు ఎంతమంది ఉంటారు? పైగా, అదే పత్రం మీద కొన్ని పదవులకు ర్యాంకులు ఉంటాయి, కొన్నింటికి ఉండవు. జిల్లా అటార్నీ (ప్రభుత్వం తరఫున నేరాల కేసులు నడిపే ప్రాసిక్యూటర్) రాష్ట్ర చట్టం కిందికి వచ్చే పదవి కనుక, 2021లో మాన్‌హట్టన్ ఓటర్లు మేయరుకు ఐదు ర్యాంకులు ఇచ్చి, అటార్నీ దగ్గరకు వచ్చేసరికి పాత పద్ధతిలో ఒక్క గడి మాత్రమే నింపవలసి వచ్చింది. చట్టపరంగా కారణం సరైనదే కావచ్చు, బూత్‌లో నిలబడిన ఓటరుకు మాత్రం అది అయోమయమే. క్వీన్స్ బరోలో బ్యాలెట్ మీద బెంగాలీ కనిపిస్తుంది, తెలుగు ఇంకా కనిపించదు. ఇంగ్లీషు అంతగా రాని మన పెద్దలకు ఈ గడుల పద్ధతిని ఇంట్లోనే వివరించి పంపవలసి ఉంటుంది.

ఈ పద్ధతిని సమర్థించే సంస్థలు 2021లో చేయించిన సర్వేలో బ్యాలెట్ సులభంగా ఉన్నదని నూటికి 95 మంది చెప్పారని, మేయర్ పదవికి ఒకరికంటే ఎక్కువ మందికి ర్యాంకులు ఇచ్చామని 83 మంది చెప్పారని ఫలితాలు వచ్చాయి. సమర్థకులు చేయించిన సర్వే అనే జాగ్రత్తతోనే ఆ అంకెలను చదవాలి. అయినా, పోలింగ్ కేంద్రంలో నేను చూసినంత వరకు గడుల దగ్గర తికమక పడినవారు తక్కువే కనుక, ఆ అంకెలు మరీ నమ్మలేనివిగా నాకు అనిపించలేదు.

ఇక లెక్కింపు. ఇక్కడే నా మార్కులు పడిపోయాయి. పాత పద్ధతిలో ఏ పోలింగ్ కేంద్రానికి ఆ కేంద్రం తన లెక్క చెప్పగలదు, వాటిని కూడుకుంటే ఫలితం వస్తుంది. ర్యాంకుల ఓటులో అలా కుదరదు. ఎవరిని ముందు తొలగించాలో నగరం మొత్తం లెక్క తెలిస్తే తప్ప తేలదు కనుక, ప్రతి బ్యాలెట్ సమాచారమూ ఒక్కచోటికి చేరాలి, ఒక్క సాఫ్ట్‌వేర్ దాన్ని సరిగా నడపాలి. ఆ ఒక్కచోట పొరపాటు జరిగితే పట్టుకునే రెండో కన్ను ఉండదు. 2021 జూన్ 22న ప్రైమరీ జరిగింది. వారం తరువాత, జూన్ 29న, నగర ఎన్నికల బోర్డు తొలిసారి రౌండ్ల వారీ లెక్క ప్రకటించింది. యంత్రాలను పరీక్షించడానికి వాడిన సుమారు 1,35,000 నమూనా బ్యాలెట్లను తొలగించడం మరచిపోయి, వాటిని కూడా అసలు ఓట్లతో కలిపి లెక్కించారని ఆ సాయంత్రమే తేలింది. బోర్డు ప్రకటనను వెనక్కి తీసుకుని, మరునాడు సవరించిన లెక్క విడుదల చేసింది. ఓట్ల మొత్తం అంత పెద్ద సంఖ్యలో పెరిగినా బోర్డులో ఎవరికీ ముందుగా అనుమానం రాకపోవడమే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరచింది. బోర్డును నడిపే పదిమంది కమిషనర్లలో ఐదుగురు ఒక పార్టీకి, ఐదుగురు మరొక పార్టీకి చెందినవారు. పార్టీ నాయకుల సిఫారసుతో నిండే అలాంటి కార్యాలయానికి కొత్త పద్ధతి అప్పగించేటప్పుడు ఆ కార్యాలయం సమర్థత ఎంతో ముందే చూసుకోవలసింది.

ఆ తప్పు ర్యాంకుల పద్ధతిది కాదని, బోర్డుదని సమర్థకులు అంటారు. అది నిజమే. వంటకం ఎంత గొప్పదైనా వడ్డించేవాడు చేయి జారితే విస్తరిలోకి వచ్చేది ఏమిటన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంటుంది. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో జరిగింది ఇంతకంటే తీవ్రమైనది. 2022 నవంబరులో అక్కడి పాఠశాల బోర్డు నాలుగో డివిజన్ ఎన్నికలో నిక్ రెస్నిక్ గెలిచినట్టు అలమీడా కౌంటీ అధికారులు ధ్రువీకరించారు. కొందరు ఓటర్లు మొదటి గడి ఖాళీగా వదిలేసి రెండో గడి నుంచి ర్యాంకులు ఇచ్చారు. అలాంటి బ్యాలెట్లలో రెండో ర్యాంకును పైకి జరిపి మొదటి రౌండులోనే లెక్కించాలి. సాఫ్ట్‌వేర్‌లో ఒక అమరిక సరిగా లేకపోవడంతో అవి ఆ రౌండులో పక్కన పడిపోయాయి. దానితో తొలగింపుల వరుసే మారిపోయింది. ఈ లోపాన్ని పట్టుకున్నది అధికారులు కాదు, బయట పెట్టిన బ్యాలెట్ సమాచారాన్ని తామే మళ్లీ లెక్కగట్టి చూసిన ర్యాంకుల ఓటు సమర్థకులు. వ్యవహారం కోర్టుకు చేరింది. నిజంగా గెలిచింది మైక్ హచిన్సన్ అని 2023 మార్చిలో తేలింది. అప్పటికి రెస్నిక్ ప్రమాణ స్వీకారం చేసి పదవిలో కూర్చున్నారు కూడా.

ఈ రెండు ఉదంతాల నుంచి నేను తీసుకున్న నిర్ణయం ఒకటే. పేర్లు తెలియకుండా ప్రతి బ్యాలెట్ మీద ఉన్న ర్యాంకుల వివరాన్ని బహిరంగంగా విడుదల చేసే నగరానికి మాత్రమే ఈ పద్ధతి ఇవ్వాలి. న్యూయార్క్ ఆ వివరాలు విడుదల చేస్తున్నది కనుక, ఎవరైనా ఇంట్లో కంప్యూటర్ మీద ఫలితాన్ని సరిచూసుకోవచ్చు. ఓక్లాండ్ పొరపాటు బయటపడటానికి కారణమూ అదే. పాత పద్ధతిలో ఇంత పారదర్శకత లేదన్నది కూడా ఒప్పుకోవాలి. 2025 నాటికి బోర్డు పని తీరు మెరుగుపడింది. జూన్ 24న ప్రైమరీ జరిగితే జూలై 1న రౌండ్ల లెక్క ఏ గందరగోళమూ లేకుండా వచ్చింది. మొదటి ర్యాంకులలోనే జోహ్రాన్ మమ్దానీకి సుమారు 43 శాతం, ఆండ్రూ క్యూమోకు సుమారు 36 శాతం రావడంతో, రౌండ్ల లెక్క కోసం ఎదురుచూడకుండా క్యూమో ఆ రాత్రే ఓటమి ఒప్పుకున్నారు. మూడో రౌండులో మమ్దానీ 56 శాతంతో గెలిచారు. ర్యాంకుల ఓటు అంటే ఫలితం కోసం వారాల తరబడి ఎదురుచూడటమేనన్న విమర్శకు 2021 ఉదాహరణ అయితే, 2025 దానికి జవాబు.

ఇప్పుడు ప్రచారం సంగతి. ఈ పద్ధతిలో గెలిచినవారికి ఓటర్లలో సగానికి పైగా మద్దతు ఉంటుందని సమర్థకులు పదే పదే చెబుతారు. 2021 లెక్కను చూద్దాం. ఎనిమిదో రౌండులో ఎరిక్ ఆడమ్స్‌కు 4,04,513 ఓట్లు, క్యాథరిన్ గార్సియాకు 3,97,316 ఓట్లు వచ్చాయి, తేడా 7,197. శాతాలలో చెబితే 50.4, 49.6. అయితే మేయర్ పదవికి మొత్తం 9,42,031 మంది ఓటు వేశారు. సుమారు 1,40,000 బ్యాలెట్లు ఆ చివరి రౌండు వరకు రాలేదు, ఎందుకంటే వాటి మీద ఆడమ్స్ పేరు గానీ గార్సియా పేరు గానీ లేదు. మొత్తం ఓటర్లలో చూస్తే గెలిచిన అభ్యర్థికి వచ్చినది 43 శాతమే. లెక్క నుంచి తప్పుకున్న బ్యాలెట్ల సంఖ్య గెలుపు తేడాకు దాదాపు ఇరవై రెట్లు. దీన్ని మెజారిటీ అనడం మాటల గారడీ. చివరి ఇద్దరిలో ఎవరు మేలన్న ప్రశ్నకు అభిప్రాయం చెప్పినవారిలో మెజారిటీ అనడం సరైన మాట. సమర్థకులు ఆ మాటే వాడితే నాకు అభ్యంతరం లేదు.

అయితే దీనికి పోటీగా నిలబెట్టవలసినది ఆదర్శ ప్రపంచాన్ని కాదు, అంతకు ముందు ఇదే నగరంలో ఉన్న ఏర్పాటును. నగరమంతటికీ సంబంధించిన పదవుల ప్రైమరీలో ఎవరికీ 40 శాతం రాకపోతే, మొదటి ఇద్దరి మధ్య మరికొద్ది రోజులకు మళ్లీ పోలింగ్ పెట్టేవారు. 2013లో పబ్లిక్ అడ్వొకేట్ పదవికి అలా జరిగిన రెండో పోలింగ్‌కు నగరానికి సుమారు 1.3 కోట్ల డాలర్లు ఖర్చయింది. అది ఆ కార్యాలయం ఏడాది బడ్జెట్‌కు ఎన్నో రెట్లు. ఓటు వేయడానికి వచ్చినవారు అతి కొద్దిమంది. ర్యాంకులు ఇవ్వకుండా తప్పుకున్నవారితో పోలిస్తే, రెండోసారి పోలింగ్ కేంద్రానికి రాకుండా తప్పుకున్నవారి సంఖ్య సాధారణంగా చాలా ఎక్కువ. మన తెలుగువారు దండిగా నివసించే జెర్సీ సిటీలో 2025 మేయర్ ఎన్నిక ఇప్పటికీ ఆ పాత పద్ధతిలోనే నవంబరులో తేలక, డిసెంబరు 2న మళ్లీ పోలింగ్ జరిగి, అప్పుడు జేమ్స్ సాలమన్ ఎన్నికయ్యారు. చలిలో రెండోసారి వరుసలో నిలబడటం కంటే మొదటిసారే నాలుగు గడులు అదనంగా నింపడం నాకైతే మేలు. డబ్బు, కాలం విషయంలో ర్యాంకుల ఓటు తన ఖరీదుకు తగిన విలువే ఇస్తుంది.

మొదటి రౌండులో ముందున్నవారు చివరకు ఓడిపోవడం అన్యాయం కాదా అని చాలామంది అడుగుతారు. 2010లో ఓక్లాండ్ మేయర్ ఎన్నికలో డాన్ పెరాటా మొదటి ర్యాంకులలో 33 శాతానికి పైగా సాధించి ముందున్నా, 24 శాతంతో రెండో స్థానంలో ఉన్న జీన్ క్వాన్ చివరి రౌండులో గెలిచారు. తెలుగువారికి ఇంకా దగ్గరి ఉదాహరణ 2023 మార్చిలో పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల స్థానం. మొదటి ప్రాధాన్య ఓట్లలో వైసీపీ అభ్యర్థి వెన్నపూస రవీంద్రారెడ్డి 1,820 ఓట్లు ముందుండగా, రెండో ప్రాధాన్య ఓట్ల పంపకం పూర్తయ్యేసరికి టీడీపీ అభ్యర్థి భూమిరెడ్డి రాంగోపాల్‌రెడ్డి 7,543 ఓట్ల తేడాతో గెలిచారు. నా దృష్టిలో ఇది లోపం కాదు, ఈ పద్ధతి పెట్టుకున్నదే అందుకు. ఎక్కువ మంది వద్దనుకునే అభ్యర్థి, వద్దనుకునేవారి ఓట్లు చీలినందువల్ల గెలవకూడదన్నదే దీని ఉద్దేశం.

నన్ను నిజంగా ఆలోచింపజేసినది బర్లింగ్టన్. వెర్మాంట్ రాష్ట్రంలోని ఆ చిన్న నగరంలో 2009 మేయర్ ఎన్నికలో రిపబ్లికన్ కర్ట్ రైట్‌కు 2,951, ప్రోగ్రెసివ్ పార్టీ అభ్యర్థి బాబ్ కిస్‌కు 2,585, డెమొక్రాట్ ఆండీ మాంట్రోల్‌కు 2,063 మొదటి ర్యాంకులు వచ్చాయి. మాంట్రోల్ తొలగిపోయాక చివరి రౌండులో కిస్ 4,313, రైట్ 4,061 ఓట్లు సాధించారు, కిస్ గెలిచారు. బ్యాలెట్ల వివరాలు బయటకు వచ్చాక, ఇద్దరిద్దరినీ విడిగా పోల్చి చూస్తే, మాంట్రోల్ కిస్‌ను కూడా, రైట్‌ను కూడా ఓడించగలవాడని తేలింది. అంటే నగరం మొత్తం మీద ఎక్కువ మందికి ఆమోదయోగ్యుడైన మనిషి, మొదటి ర్యాంకులు తక్కువైనందున ముందే ఇంటిదారి పట్టాడు. మరొక చేదు నిజం కూడా బయటపడింది. రైట్‌కు మొదటి ర్యాంకు ఇచ్చి, కిస్ కంటే మాంట్రోల్ నయమనుకున్న ఓటర్లు కొందరు రైట్‌ను వదిలి మాంట్రోల్‌కే మొదటి ర్యాంకు ఇచ్చి ఉంటే, తాము వద్దనుకున్న కిస్ గెలిచేవాడు కాదు. వ్యూహాలు పన్నకుండా మనసులోని మాట వరుసగా చెబితే చాలునన్న హామీ ఇక్కడ పూర్తిగా నిలబడలేదు. 2010లో నగర ఓటర్లు స్వల్ప తేడాతో ఈ పద్ధతిని రద్దు చేశారు, 2021లో మండలి ఎన్నికల కోసం మళ్లీ తెచ్చుకున్నారు. ఇలాంటి ఫలితాలు అరుదు. ముగ్గురు అభ్యర్థులు దాదాపు సమాన బలంతో ఉన్నప్పుడే వస్తాయి. ఒకే ఓటు వేసి, అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచే పద్ధతిలోనైతే బర్లింగ్టన్‌లో రైట్ గెలిచేవాడు, మాంట్రోల్ అప్పుడూ ఓడిపోయేవాడే. అయినా నగరాలకు ఈ పద్ధతిని అంటగట్టే ప్రతినిధులు ఈ ఉదాహరణను కూడా తమ కరపత్రంలో ఒక వాక్యంలోనైనా చెబితే నిజాయితీగా ఉంటుంది.

అభ్యర్థుల ప్రవర్తన మారుతుందన్న మాటకు మాత్రం పూర్తి మార్కులు ఇస్తాను. 2021లో ఆండ్రూ యాంగ్ చివరి రోజులలో గార్సియాతో కలిసి ప్రచారం చేస్తూ, తన తరువాతి ర్యాంకు ఆమెకు ఇవ్వమని మద్దతుదారులను కోరారు. ఆమె మాత్రం తన ఓటర్లకు యాంగ్ పేరు సూచించలేదు. 2025లో మమ్దానీ, బ్రాడ్ లాండర్ ఒకరికొకరు బాహాటంగా మద్దతు ప్రకటించుకున్నారు. పోటీదారులు ఒకే వేదిక మీద నిలబడి, నన్ను ఒకటిగా వేయండి, ఆయనను రెండుగా వేయండి అనడం పాత పద్ధతిలో ఊహించలేం. రాయలసీమలో టీడీపీకీ, వామపక్షాలు బలపరచిన పీడీఎఫ్‌కూ మధ్య రెండో ప్రాధాన్యం గురించి కుదిరిన అవగాహన కూడా ఇలాంటిదే. దీనివల్ల తిట్లు తగ్గిపోతాయని మాత్రం అనుకోవద్దు. క్యూమోకు ఏ ర్యాంకూ ఇవ్వవద్దంటూ 2025లో ప్రత్యేకంగా ఒక ప్రచారమే నడిచింది.

ర్యాంకుల సంఖ్య గురించి ఒక మాట. మినియాపొలిస్ 2013లో 35 మంది పోటీ చేసిన మేయర్ ఎన్నికకు మూడే ర్యాంకులు ఇచ్చింది. అంతమందిలో ముగ్గురిని ఎంచుకుంటే ఆ ముగ్గురూ మధ్యలోనే తొలగిపోవడం ఎంతో సులభం. ఐదు గడులు పెట్టిన న్యూయార్క్ ఆ విషయంలో నయం. నామినేషన్‌కు కావలసిన సంతకాల సంఖ్య మరీ తక్కువగా ఉన్న నగరాలు ముందు అది సరిచేసుకోవాలి.

న్యూయార్క్ ఏర్పాటులో నాకు అన్నిటికంటే పెద్ద లోటు, ఈ సేవ సగం దూరం వచ్చి ఆగిపోవడం. ప్రైమరీలో ఓటు వేయాలంటే ఆ పార్టీ సభ్యుడిగా నమోదై ఉండాలి. ఏ పార్టీలోనూ చేరని ఓటర్లు నగరంలో సుమారు పది లక్షల మంది. పౌరసత్వం వచ్చాక ఓటరుగా నమోదైన మన తెలుగువారిలోనూ ఇలాంటివారు చాలామంది ఉన్నారు. వారికి ర్యాంకుల బ్యాలెట్ చూసే అవకాశమే దాదాపు రాదు. నవంబరులో జరిగే అసలు ఎన్నికలో ర్యాంకులు లేవు. 2025 నవంబరులో మమ్దానీ, స్వతంత్రుడిగా నిలబడిన క్యూమో, రిపబ్లికన్ కర్టిస్ స్లీవా మధ్య పోటీ జరిగినప్పుడు, ఓట్లు చీలకుండా స్లీవా తప్పుకోవాలని ఎన్నో వైపుల నుంచి ఒత్తిడి వచ్చింది. ఆయన తప్పుకోలేదు. ర్యాంకుల ఓటు ఏ రోగానికి మందుగా వచ్చిందో ఆ రోగమే నవంబరులో మళ్లీ పూర్తి స్థాయిలో కనిపించింది. మమ్దానీకి సగానికి కొద్దిగా పైగా ఓట్లు వచ్చి వివాదం లేకుండా పోయింది గానీ, 45 శాతంతో ఎవరైనా గెలిచి ఉంటే ఎంత గొడవ జరిగేదో ఊహించుకోవచ్చు.

ఒక పదవికి ఒకరిని ఎన్నుకునే ర్యాంకుల ఓటు వేరు, ఒక నియోజకవర్గం నుంచి పలువురిని ఎన్నుకునే ర్యాంకుల ఓటు వేరు. రెండోది మండలి స్వరూపాన్నే మార్చేస్తుంది. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్ 1941 నుంచి తన మండలిని అలాగే ఎన్నుకుంటున్నది. ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ 2024లో నగరాన్ని నాలుగు జిల్లాలుగా విభజించి, ఒక్కొక్క జిల్లా నుంచి ముగ్గురేసి చొప్పున పన్నెండు మందిని ఎన్నుకున్నది. అక్కడ పావు వంతు ఓట్లు దాటితే సీటు ఖాయం. న్యూయార్క్ కూడా 1937 నుంచి 1945 దాకా మండలిని ఇలాంటి పద్ధతిలోనే ఎన్నుకుని, ఇద్దరు కమ్యూనిస్టులు కూడా గెలిచిన తరువాత, 1947లో ఓటర్ల తీర్పుతో దాన్ని వదులుకున్నది. చిన్న వర్గాలకు తమ బలానికి తగిన ప్రాతినిధ్యం కావాలనుకునే నగరం పరిశీలించవలసినది ఈ రెండో రకాన్ని. 2021 తరువాత న్యూయార్క్ మండలిలో మొదటిసారి మహిళలు సగానికి మించి రావడం, దక్షిణాసియా మూలాలున్న సభ్యులు తొలిసారి గెలవడం ర్యాంకుల పుణ్యమేనని కొందరు అంటారు. ఆ ఏడాది పదవీకాల పరిమితితో ఖాళీ అయిన సీట్లు, చిన్న విరాళాలకు నగరం ఎనిమిది రెట్లు కలిపి ఇచ్చే పథకం కూడా అందులో పాలు పంచుకున్నాయి కనుక, ఆ పుణ్యం ఎవరి ఖాతాలో ఎంత వేయాలో చెప్పడం కష్టం.

అభ్యర్థులు ఎక్కువగా ఉండి, రెండో పోలింగ్ ఖర్చు భరిస్తున్న నగరం ఈ పద్ధతిని నిస్సంకోచంగా తీసుకోవచ్చు. ఎప్పుడూ ఇద్దరే పోటీ చేసే చిన్న పట్టణానికి దీని అవసరం లేదు, ఓటరు శిక్షణకు పెట్టే డబ్బు వృథా అవుతుంది. మన పంచాయతీ ఎన్నికల గురించి ఇక్కడి తెలుగు మిత్రుల మధ్య అప్పుడప్పుడు చర్చ వస్తుంటుంది. సర్పంచ్ పదవికి నలుగురైదుగురు నిలబడి, మూడో వంతు ఓట్లతో ఒకరు గెలిచే ఊళ్లు తక్కువేమీ కాదు కనుక, ఆ చర్చకు ఆధారం ఉన్నది. విచిత్రమేమిటంటే, లెక్కింపు కోణంలో చూస్తే ర్యాంకుల ఓటు న్యూయార్క్ కంటే గ్రామానికే సులభం. తెలంగాణలో పంచాయతీ ఓట్లను మధ్యాహ్నం పోలింగ్ ముగిశాక అదే రోజు ఊళ్లోనే లెక్కిస్తారు. సర్పంచ్ బ్యాలెట్లన్నీ ఒకే ఊరివి కనుక, ఏజెంట్ల కళ్ల ముందు కట్టలు కట్టి, ఒకరి కట్టను విప్పి మిగిలినవారికి పంచడానికి సాఫ్ట్‌వేర్ అక్కర లేదు. ఇబ్బంది బ్యాలెట్ దగ్గర వస్తుంది. గుర్తు మీద స్వస్తిక్ ముద్ర వేయడానికి అలవాటు పడిన ఓటరు చేత అంకెలు వేయిస్తే ఎమ్మెల్సీ ఎన్నికలలో పట్టభద్రులకు ఎదురైన ఇబ్బందే ఊరంతటికీ ఎదురవుతుంది. అంకెలకు బదులు న్యూయార్క్ తరహాలో గుర్తు ఎదురుగా రెండు మూడు గడులు పెట్టి, అదే ముద్ర వాడనిస్తే సరిపోవచ్చు. అలాంటి చట్టం ఎవరైనా రాయదలిస్తే, మొదటి గడి ఖాళీగా వదిలి రెండో గడిలో ముద్ర వేసిన పత్రాన్ని ఏం చేయాలన్న నిబంధనను అందులో ముందుగా రాసి, లెక్కించే సిబ్బందికి దాని మీదే నమూనా లెక్కింపు చేయించాలి.